పచ్చరంగు కింద ఓక్ బల్ల

నవంబరు ఒకటో తారీఖున మా బావగారు మిలాదిన్ మా గుమ్మంలో నిలబడి, తలమీది టోపీ అయినా తీయకుండా, ఈ ఏడాది మా ఇంటి స్లావా పండగ తన ఇంట్లోనే అని చెప్పేశాడు.

"పోయినేడు మా బల్ల మోసుకొచ్చి మీ గదిలో వేశాను. నడుం పట్టేసి వారం రోజులు మంచం దిగలేదు. ఈసారి అది మా ఇంటి గడప దాటదు. బల్ల ఎక్కడుంటే చుట్టాలు అక్కడ. చుట్టాలెక్కడుంటే పటం అక్కడ. అంతే కదరా రాదిషా?"

రాదిషా మా ఆయన. బస్సు డ్రైవరు. మా టౌను అరిల్యే నుంచి కొండమీది ఊళ్ళకి, ఒక చక్రం గాల్లో ఉండే మలుపుల్లో నలభైమందిని ఎక్కించుకుని తిప్పుతాడు. అప్పుడు కూడా ఈల వేస్తూనే ఉంటాడు. అన్న ముందు మాత్రం నోరు పెగలదు. "చూద్దాంలే అన్నయ్యా" అన్నాడు నేల చూస్తూ.

నేను పిండి చేతులతోనే వంటింట్లోంచి వచ్చాను. "మాకూ ఉంది బావగారూ బల్ల."

"ఏదమ్మాయ్? పందిని కోసే ఆ పచ్చబల్లా?" అని పగలబడి నవ్వాడు. "దానిమీద పెడతావా పండగ రొట్టె? ఫాదరు గారికి ఒక కత్తి కూడా ఇవ్వు, ఆయనే నరుక్కుంటాడు."

ఆయన నవ్వడంలో తప్పులేదు. మా ఆయన తాతగారు నాలుగు మీటర్ల పొడవున ఓక్ చెక్కతో చేసిన బల్ల అది. అటూ ఇటూ కూర్చుంటే ఇరవైమంది పడతారు. మామగారు కొత్త బల్ల కొన్నాక దీన్ని పెరట్లోకి గెంటేశారు. కంచెకి రంగు వేసినప్పుడల్లా డబ్బాలో మిగిలింది దీనికి పూశారు. పందిని కోసినా, మిరపకాయలు కాల్చి తొక్క తీసినా, వాల్‌నట్లు పగలగొట్టినా దీనిమీదే. మామగారు పోయాక ఆస్తి పంచుకున్నప్పుడు ఇల్లు మాకొచ్చింది, ట్రాక్టరూ కొత్త బల్లా బావగారికి వెళ్ళాయి. పచ్చబల్ల ఎవరికని ఎవరూ అడగనేలేదు.

"సరే, నేను మాట మీద నిలబడే మనిషిని. పదిహేనో తారీఖు మధ్యాహ్నం వస్తా. ఇరవైమందిని మర్యాదగా కూర్చోబెట్టే బల్ల ఆ గదిలో కనబడితే పటం ఇక్కడే ఉంటుంది. లేకపోతే దుప్పట్లో చుట్టి పట్టుకుపోతా. ఏమంటావురా?"

మా ఆయన తలూపాడు. ఆ తల మీద పిండి గిన్నె బోర్లించాలనిపించింది.

పటం అంటే మా గదిలో తూర్పు గోడకి ఉన్న గుర్రమ్మీది జార్జి స్వామి. మా ఇలవేల్పు. ఏటా నవంబరు పదహారున ఆయన పండగ. స్లావాకి ఎవరినీ పిలవకూడదు. పటం ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటికి జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న పోతే మా పెదనాన్న వచ్చి, "ఈ ఒక్క ఏడాదికీ" అని మా పటం తీసుకెళ్ళాడు. పండగనాడు మా అమ్మ అలవాటు కొద్దీ క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి సార్మా వండి, పళ్ళేలు వరసగా పెట్టి కూర్చుంది. చీకటి పడేదాకా ఒక్క మనిషి మా గేటు తీయలేదు. ఆ పటం మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆ వండిందంతా మేమిద్దరం నాలుగు రోజులు తిన్నాం, ఐదో రోజు కుక్కకి పెట్టాం. అందుకని ఈ విషయంలో నాకు ఓర్పు లేదు, ఉందని నటించడం కూడా చేతకాదు.

మర్నాడు మామగారి మంచం కింద ఉన్న పెట్టె లాగాను. అందులో ఆయన శాండర్ మిషన్ ఉంది. యుగోస్లావియా ఉన్న రోజుల్లో కొన్నది. ఇస్త్రీపెట్టెకి అన్నయ్యలా ఉంటుంది. కింద రెండు రోలర్ల మీద గరుకు కాగితం బెల్టు గిరగిరా తిరిగి చెక్కని గీకేస్తుంది. పక్కనే తాడుకి కట్టిన పాత చెప్పు అడుగు ముక్క, ఎలకలు కొరికినట్టు అరిగిపోయింది. ఇదెందుకు దాచాడో ఈ మహానుభావుడు అనుకుని పెరటి మూల ఆకుల్లోకి విసిరేశాను.

మిషన్ని బల్ల మీద పెట్టి, వంటింటి కిటికీలోంచి వైరు లాగి, ప్లగ్గు పెట్టమని మా ఆయనకి చెప్పాను. ఆయన పెట్టాడు. అంతే! స్విచ్చు నొక్కకుండానే మిషన్ గర్జించి, నాలుగు మీటర్లూ ఒక్క ఉరుకులో దాటి, ఆ కొసనుంచి ఎండుటాకుల కుప్పలోకి దూకేసింది. పక్కింటి కోసారా పిన్ని కంచె అవతల కోళ్ళకి గింజలు వేస్తోంది. కోళ్ళూ ఆవిడా కలిసే అరిచారు.

"ఏమే దోబ్రిలా, బల్లని సాపు చేస్తున్నావా, ఊరిమీదకి తోలుతున్నావా?"

స్విచ్చు నొక్కి పట్టి ఉంచే చిన్న బొత్తాం ఒకటి ఉంది దానికి. మామగారు ఆఖరిసారి వాడినప్పుడు అది లోపలికి నొక్కుకునే ఉండిపోయింది. "పోతూ పోతూ ఆపడం మర్చిపోయాడు మా నాన్న" అన్నాడు మా ఆయన, కళ్ళు తుడుచుకుంటూ. నవ్వొచ్చి తుడుచుకున్నాడో ఏడుపొచ్చి తుడుచుకున్నాడో నేను అడగలేదు. అప్పటినుంచీ ప్లగ్గు పెట్టే ముందు ఆ బొత్తాం చూడకుండా నేను ముందుకి పోను. మిషన్ని గాల్లో ఉండగానే నడిపించి, విమానం దిగినట్టు మెల్లగా చెక్క మీదకి దించాలని కూడా ఆరోజే తెలిసింది.

రెండోసారి మొదలుపెట్టిన పది నిమిషాలకి పక్కనుంచి నీలం నిప్పురవ్వలు, కాలిన వాసన, తర్వాత నిశ్శబ్దం. ప్లగ్గు పీకి, పక్కల ఉన్న రెండు బిరడాలు విప్పి చూస్తే మోటారుకి కరెంటు అందించే కార్బన్లు అరిగి పప్పుబద్దలంత మిగిలాయి. అరిల్యేలో మోటార్లు బాగుచేసే అతను "ఈ సైజు ఎప్పుడో ఆగిపోయిందక్కా" అని పెద్దవి చేతిలో పెట్టాడు. వాటిని ఆకురాయితో అరగదీసి, గూట్లో పట్టీపట్టనట్టు కూర్చునేదాకా రుద్దాను. లోపలి దుమ్మంతా బ్రష్షుతో ఊడ్చేశాను. మిషన్ ఈసారి పిల్లిలా గుర్రుమంది. మా ఆయన ముఖం చూడాలి అప్పుడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో నా వంట తిని కూడా అలా చూడలేదు.

అసలు తిప్పలు బెల్టులతో వచ్చాయి. ఇంత పాత మిషన్‌కి సరిపోయే బెల్టులు అరిల్యేలో దొరకవు. మామగారు దాచినవి పదకొండు ఉన్నాయి. ఎక్కడ దాచారు? ఇంకెక్కడ, నేలమాళిగలో! మా వైపు మగవాళ్ళకి విలువైనదేదైనా నేలమాళిగలో పెడితేనే నిద్రపడుతుంది. పళ్ళ సారా రాకియా అక్కడే, పచ్చళ్ళు అక్కడే, ట్రాక్టరు కాగితాలూ అక్కడే. బెల్టులు క్యాబేజీ ఊరేసిన పీపా పక్కన, మడతపెట్టి, ఇటుక కింద ఉన్నాయి.

మొదటిది ఎక్కించాను. లోపలి బాణం గుర్తు మిషన్ మీది బాణం వైపే ఉండేలా చూసే ఎక్కించాను. ఐదు నిమిషాల్లో టప్ మని తెగి నా ముంజేతిని చరిచింది. రెండోది మూడు నిమిషాలు. మూడోది మిషన్ చెక్కకి తగలగానే తెగింది.

"ఇది మనవల్ల కాదులే దోబ్రిలా. ఒక్క ఏడాదే కదా, అన్నయ్య ఇంట్లో చేద్దాం" అన్నాడు మా ఆయన.

ఒక్క ఏడాది! ఆ మాట వినగానే నాకు మా పెదనాన్న గొంతు వినిపించింది. "ఇంకోసారి ఆ మాట అన్నావంటే నిన్ను కూడా దుప్పట్లో చుట్టి పంపిస్తా మీ అన్నయ్యతో" అన్నాను. నవ్వుతూ అనలేదు.

తెగిన మూడూ పక్కపక్కన పెట్టి చూశాను. మూడూ అతుకు దగ్గరే ఊడాయి. కాగితం బాగానే ఉంది, జిగురు మెత్తబడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి క్యాబేజీ వాసన. నేను పద్నాలుగేళ్ళుగా రాస్ప్‌బెర్రీ పళ్ళ కోల్డ్ స్టోరేజీలో పళ్ళు ఏరే పని చేస్తున్నాను. అక్కడ డబ్బాలకి అంటించే స్టిక్కర్లు చెమ్మ గదిలో పెడితే ఒక్కటీ నిలవదు, అందుకని వాటిని హీటరున్న గదిలో పెడతాం. వీటికొచ్చిన జబ్బు కూడా అదే.

అప్పడాల కర్రలాంటి మా పొడుగాటి పిండి కర్రని వంటింటి పొయ్యి వెనక రెండు మేకుల మీద అడ్డంగా పెట్టి, మిగిలిన ఎనిమిది బెల్టులూ దానికి తగిలించాను. మరీ దగ్గరగా కాదు, చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలేంత దూరంలో. మూడు రోజులు ఆరనిచ్చాను. కోసారా పిన్ని పంచదారకని వచ్చి చూసి శిలువ గుర్తు వేసుకుంది. "పిండి కర్రకి సాక్సులు ఆరేసినట్టు ఏమిటే ఇది? మీ అత్త చూస్తే సమాధిలోంచి లేచొస్తుంది."

"వస్తే రానీ పిన్నీ, ఒక చెయ్యి వేస్తుంది."

ఎనిమిదింట్లో రెండు తెగాయి. ఆరు నిలబడ్డాయి. ఆరు బెల్టులు, మూడు పొరల రంగు, తొమ్మిది రోజులు.

గరుకైన నలభై నంబరు బెల్టు రంగు మీద పెట్టగానే రంగు వేడెక్కి, జిగటగా కరిగి, కాగితానికి పట్టేసింది. పావుగంటకి బెల్టు నున్నగా పచ్చగా తయారై జారిపోవడం మొదలుపెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది చెప్పు ముక్క. పెరటి మూలకి పరిగెత్తి, ఆకుల్లో వెతికి తెచ్చాను. మిషన్ని వెల్లకిలా బిగించి, తిరుగుతున్న బెల్టుకి ఆ రబ్బరు మెల్లగా ఆనిస్తే, పట్టిన రంగంతా ముద్దలు ముద్దలుగా రాలిపోయింది. బెల్టు మళ్ళీ గరుకెక్కింది. మామగారితో బతికున్నన్నాళ్ళూ నాకు పడేది కాదు. ఆ నిమిషంలో మాత్రం ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

పై రెండు పొరలు గీకుడు రేకుతో ఊడదీసి, మిగిలిందే మిషన్‌కి వదిలాను. మూతికి మాస్కు, తలకి గుడ్డ. బెల్టు పక్కకి జరుగుతుంటే చిన్న మర చుట్టు తిప్పి మధ్యకి తెచ్చేదాన్ని. దుమ్ము సంచి సగం నిండగానే దులిపేదాన్ని. మిషన్ని నొక్కకూడదు, దాని బరువు అదే చాలు, మనం దారి చూపిస్తే సరి. ఆరో తారీఖు మధ్యాహ్నం మొదటిసారి పచ్చరంగు కింద ఓక్ కనబడింది. తేనెరంగులో, పొడుగు పొడుగు చారలతో. నేను గట్టిగా కేక పెట్టాను. కోసారా పిన్ని పరిగెత్తుకొచ్చింది, నా వేలు తెగిందనుకుని.

తొమ్మిదో తారీఖున నేను చేసిన వెధవ పని కూడా చెప్పాలి. కొంచెం నున్నటి ఎనభై నంబరు బెల్టుతో బల్ల మధ్యలో ఉన్నాను. బావగారు ట్రాక్టరు మీద పోతూ గేటు దగ్గర ఆపి అరిచాడు.

"అమ్మాయ్! దుప్పటి ఉతికించాను, పటానికి!"

నేను తలెత్తి నోటికొచ్చింది తిట్టాను. అర నిమిషం తిట్టి ఉంటాను, నా తిట్లు పొట్టివి కావు. ఆ అర నిమిషమూ మిషన్ ఒకే చోట తిరుగుతోంది. కిందకి చూసేసరికి బల్ల నడిమధ్యన గరిటెతో తోడినట్టు గుంట. వేలు పెడితే గోరు మునిగింది. ఆయన తాపీగా ట్రాక్టరు తోలుకుంటూ పోయాడు.

నేను తడి నేల మీద కూలబడి ఏడ్చాను. ఆయన మీద కోపంతో కాదు. నా నోటిదురుసుతో నా ఇంటి పండగని నేనే పోగొట్టుకున్నానని ఏడ్చాను. పళ్ళేలు వరసగా పెట్టుకుని కూర్చున్న మా అమ్మే కళ్ళముందు కనబడింది.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చి గుంట చూశాడు, నన్ను చూశాడు. చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి బల్లంతా అడ్డంగా గీతలు గీయడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"మా నాన్న ఇలా గీసేవాడు. గీతలు చెరిగిన చోట ఎత్తు, మిగిలిన చోట పల్లం. గుంటని పూడ్చలేం. బల్లనే గుంట దగ్గరకి దించాలి." ఆగి, ఇంకో మాట అన్నాడు. "రేపు సెలవు పెట్టాను."

పెళ్ళయినప్పటినుంచీ ఆ మనిషి నోట విన్న అతి గొప్ప మాట అది.

నాలుగు మీటర్ల బల్లంతటినీ గోరంత మందం దించాం. నలభై నంబరుతో ముందు ఏటవాలుగా, తర్వాత చెక్క చారల వెంబడి. నేను మిషన్ తోస్తుంటే ఆయన వైరు పట్టుకుని నా వెనకే నడిచాడు, చెప్పు ముక్కతో బెల్టు శుభ్రం చేశాడు, మళ్ళీ గీతలు గీశాడు. మిషన్ వేడెక్కినప్పుడల్లా ఆపి కాఫీ తాగాం. గీతలు పోతున్నాయి, గుంట దగ్గర మిగులుతున్నాయి. మళ్ళీ గీతలు, మళ్ళీ గుంట. మూడు బెల్టులు గుండ్రాయిలా నున్నగా అరిగిపోయాయి. పన్నెండో తారీఖు సాయంత్రం, వెలుగు ఉండగానే, బల్ల మీద గీసిన గీతలన్నీ ఒకేసారి చెరిగిపోయాయి. ఆఖరి నూట ఇరవై నంబరు బెల్టుతో పైపైన నునుపు చేశాను. పాత నైలాను మేజోడు చేతికి తొడుక్కుని బల్ల ఈ కొస నుంచి ఆ కొసకి నిమిరాను. ఎక్కడా ఒక్క పోగు పట్టలేదు. పద్నాలుగేళ్ళు పళ్ళు ఏరిన వేళ్ళు ఇవి, వీటిని మోసం చేయడం కష్టం.

అవిసె నూనె పలచగా పట్టించాం. నూనె గుడ్డలు కుప్ప పోస్తే వాటంతటవే అంటుకుంటాయని మా ఆయన వాటిని కంచె మీద విడివిడిగా ఆరేశాడు. బల్ల కాళ్ళు విప్పి, పలకని పక్కకి తిప్పి, నలుగురు పట్టి గదిలోకి చేర్చి మళ్ళీ బిగించాం.

పదిహేనున మధ్యాహ్నం బావగారు దుప్పటి చంకన పెట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత బల్ల చుట్టూ నడిచాడు, పశువుని బేరమాడేవాడిలా. వంగి ఒక కన్ను మూసి వారగా చూశాడు. జేబులోంచి గోళీకాయ తీసి మధ్యలో పెట్టాడు. గోళీ కదలలేదు. దాన్ని వేలితో తోశాడు. తిన్నగా వెళ్ళి ఆగింది.

"మిషన్ ఎవరు నడిపారు?" అన్నాడు తమ్ముడితో.

"ఆవిడే. నేను వైరు పట్టుకున్నాను" అన్నాడు మా ఆయన. ఈసారి నేలచూపులు లేవు.

"ఊఁ. రేపు బట్ట కప్పేస్తారుగా. ఎవడు చూడొచ్చాడు" అని గొణిగి, దుప్పటి చంకలోంచి తీయకుండానే వెళ్ళిపోయాడు.

ఆ మాట మాత్రం నా మనసులో పడింది. మర్నాడు పొద్దున తెల్లబట్టని బల్లకి ఆ కొసన, రొట్టె, కొవ్వొత్తి ఉండేంత మేరకే పరిచాను. మిగతాదంతా బోసిగా వదిలేశాను.

"ఇదేం చోద్యమే! స్లావాకి బట్ట లేని బల్లా?" అంది కోసారా పిన్ని గుండె మీద చెయ్యి వేసుకుని. ఆ చెయ్యి తర్వాత బల్ల మీదకి దిగింది. మళ్ళీ పైకి లేవలేదు. "అబ్బ... పసిపిల్ల బుగ్గలా ఉందే" అంది మెల్లగా.

ఫాదరు గారు వచ్చి రొట్టె మీద వైన్ పోసి కోశారు. పన్నెండయ్యేసరికి జనం మొదలయ్యారు. ఒకరి తర్వాత ఒకరు గేటు తీస్తూనే ఉన్నారు. వచ్చినవాడల్లా కూర్చోకముందే ఓక్ మీద చెయ్యి రాసి, "ఇది ఆ పందుల బల్లా? నిజంగానా?" అంటాడు. ఇరవైమంది పట్టే బల్ల చుట్టూ ఇరవై ఆరుమంది ఇరుక్కున్నారు. గేటు చప్పుడైనప్పుడల్లా నేను ఇంకో పళ్ళెం తీసి పెట్టేదాన్ని.

ఒంటిగంటకి బావగారు వచ్చాడు. గది ఒక్కసారిగా చల్లబడింది. ఎందుకంటే స్లావా నాడు ఇంటి యజమాని కూర్చోడు. ఎవరి పండగైతే వాళ్ళు పొద్దుగూకేదాకా నిలబడి వడ్డించాలి. కూర్చునేవాడు అతిథి. పోయినేడు ఈయన పటం కింద చేతులు కట్టుకుని రోజంతా నిలబడే ఉన్నాడు, ఇల్లు తనదే అన్నట్టు. ఈసారి కూడా నేరుగా పటం దాకా నడిచి, శిలువ గుర్తు వేసుకుని, మావైపు తిరిగాడు. ఎవరూ ఫోర్కు ఎత్తలేదు. మా ఆయన రాకియా సీసాతో, నేను సార్మా గిన్నెతో అలాగే నిలబడిపోయాం.

బావగారు టోపీ తీశాడు. బెంచీ మీద కోసారా పిన్నిని కొంచెం జరగమని, బల్ల మధ్యన, సరిగ్గా ఆ గుంట పడిన చోట, కూర్చున్నాడు. రెండు అరచేతులూ చెక్క మీద ఆనించాడు.

"ఏమ్మా దోబ్రిలా," అన్నాడు గదంతా వినబడేలా, "మీ ఇంట్లో అతిథికి రాకియా పోసే ఆచారం లేదా?"

పోశాను. గ్లాసు అంచుదాకా పోశాను, ఒక్క చుక్క ఒలకలేదు. ఆ తర్వాత ఆఖరి చుట్టం వెళ్ళేదాకా నేను నిలబడే ఉన్నాను. మడమలు సలుపుతున్నాయి. మధ్యలో ఎవరో జాలిపడి, పోనీ కాసేపు కూర్చో అన్నారు. కూర్చోనన్నాను.